పెట్ట ఊసు లేని కోడి చరిత్ర

నేను పాఠాలు చెప్పే బడి పలనాటిలో ఉంది. పలనాటి వీరచరిత్రలో కోడిపోరు ఘట్టం ఇక్కడి పిల్లలకు మనం చెప్పనక్కర్లేదు, వాళ్లే మనకు చెబుతారు. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాగమ్మ పుంజు శివంగిడేగ, ఓడినవాళ్లకు ఏడేళ్ల వలస - అంతా నోటి మీద ఉంటుంది. కొన్నేళ్ల కిందట తొమ్మిదో తరగతిలో ఈ ముచ్చట నడుస్తుండగా వెనక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "సార్, చిట్టిమల్లును పొదిగిన పెట్ట ఎవరి ఇంట్లోది?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి పాఠం ముందుకు నడిపించాను. సాయంత్రం ఇంటికి వచ్చాక మాత్రం ఆ నవ్వు నాకు సిగ్గుగా తోచింది. ఒక రాజ్యం తలరాతను మార్చిందని మనం చెప్పుకునే పుంజు ఏదో ఒక గంప కింద, ఏదో ఒక పెట్ట రెక్కల కింద, 21 రోజులు వెచ్చబడి లేచిందే కదా! ఆ గంప ఎవరిది? ఆ పెట్టను ఎంచి నిలబెట్టింది ఎవరు?

నేను చదివినంతలో మన సాహిత్యం ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. పుంజు గురించి మాత్రం కావలసినంత ఉంది. దండి సంస్కృత దశకుమార చరితంలో ప్రమతి కథ చూడండి. వర్తకుల మధ్య జరిగే కోడిపందెం దగ్గర నిలబడి అతను నవ్వుతాడు. తూర్పు పక్షంవాళ్ల నారికేళ జాతి పుంజు మీదికి పడమటి పక్షంవాళ్లు బలాక జాతి పుంజును వదిలారని, బలాబలాలు తెలియని పని చేశారని అతని నవ్వుకు అర్థం. అంటే ఏడో శతాబ్ది ప్రాంతానికే కోళ్లలో పేర్లున్న జాతులు ఏర్పడ్డాయి, వాటి గుణం చూడగానే చెప్పగలిగే రసికులూ ఏర్పడ్డారు. ఈ కావ్యాన్నే 13వ శతాబ్దిలో కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. క్రీడాభిరామం ఓరుగల్లు వీధుల్లో కోడిపోరును కళ్లకు కట్టిస్తుంది. సురవరం ప్రతాపరెడ్డి గారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాస్తూ ఈ ఆధారాలన్నీ పోగుచేశారు. రాజుల చరిత్ర కాదు, ప్రజల చరిత్ర కావాలని 1949లోనే పుస్తకం వేసి చూపించిన మనిషి ఆయన. అయినా ఆయన చేతికి దొరికిన కావ్యాలు వినోదాన్ని రాశాయి గాని పెంపకాన్ని రాయలేదు. జాతి ఉందని చెప్పాయి, ఆ జాతిని తరతరాలుగా నిలిపిన చేతుల సంగతి వదిలేశాయి.

ఇక కుక్కుటశాస్త్రం. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల, కౌజు, మైల, పింగళ, అబ్రాసు - ఈకల రంగును బట్టి పుంజులకు ఇన్ని పేర్లు పెట్టిన భాష మరొకటి ఉందో లేదో! ఏ వారం ఏ రంగు ఏ రంగు మీద గెలుస్తుంది, ఏ దిక్కు నుంచి వదలాలి, ఏ నక్షత్రాన పుట్టినవాడు ఏ పుంజును పట్టాలి - అన్నిటికీ లెక్కలున్నాయి. నా చేతికి వచ్చిన రెండు మూడు ప్రతుల్లో గుడ్డు అన్న మాట కోసం వెతికాను. దొరకలేదు. పుంజు ఆకాశం నుంచి ఊడిపడి నేరుగా బరిలో దిగినట్టే ఉంటుంది శాస్త్రం.

పెట్టలు పెంచే ఆడమనిషి మన వాఙ్మయంలో అసలు లేదనను. ఒక సామెతలో ఉంది. నా కోడీ నా కుంపటీ లేకపోతే ఎట్లా తెల్లవారుతుంది అన్నదట ఒక ముసలమ్మ! ఆమెను మనం ఎన్ని తరాలుగా మూర్ఖురాలిగా చూపించి నవ్వుతున్నామో. ఆ కోడి గుడ్డుతో, ఆ కోడి పిల్లలతో ఆ గుడిసెలో ఎన్ని పూటలు గడిచాయో సామెత చెప్పదు.

ఈ విద్య సంగతి నాకు తెలిసింది గ్రంథాల వల్ల కాదు, మా అమ్మ వల్ల. నా చిన్నప్పుడు, అంటే 1990కి అటూ ఇటూ, మా ఇంట్లో మాంసం కొనడమనేది లేదు. నాలుగు పెట్టలు, ఒక పుంజు. వాటి మీదే అన్ని పండగలూ, అందరు చుట్టాలూ. ఆమె లెక్క నాకిప్పటికీ కంఠతా వచ్చు. ఒక పెట్ట ఏడాదికి మూడుసార్లు పొదుగుతుంది. పొదుగుకు 12 గుడ్లు పెడితే 9 లేస్తాయి. నాలుగు పెట్టలకు 108 పిల్లలు. గద్ద, పిల్లి, ముంగిస, వాన, తెగులు - వీటి వాటా సగం. మిగిలేవి 54. అందులో నాలుగు పెట్టపిల్లలనూ రెండు పుంజుపిల్లలనూ మరుసటి తరానికి తీసిపెడితే 48. దాదాపు వారానికొక కోడి. నూకలు, తవుడు, చిట్టు, దిబ్బమీది పురుగు, పిల్లలకు నాలుగు రోజులు చెదలు - ఇదే పెట్టుబడి. అన్ని ఏళ్లూ ఈ లెక్క సరిపోయిందని కాదు. తెగులొచ్చిన ఏడు 54 కాదు గదా, నాలుగు కూడా మిగలలేదు. కానీ బయట నుంచి పిల్లను కొని తెచ్చే అవసరం రాకుండా ఏళ్లకు ఏళ్లు ఆ మంద తనను తానే తిరిగి కనుక్కుంది. అసలు విషయం అక్కడుంది.

ఆ ఆరు పిల్లలను ఎంచడంలో ఆమె విద్యంతా ఉండేది. మూడు నెలలు నిండేసరికి ఒక్కో పిల్లనూ చీకటిపడ్డాక గూట్లోంచి తీసి, అరచేతిలో బోర్లా పట్టుకుని, రొమ్ము ఎముక మీద వేలు పోనిచ్చేది. ఎముక కత్తిలా తగిలితే కూరకు. ఎముకకు రెండు పక్కలా కండ నిండి, మొన మాత్రమే తగిలితే అది ఉండాల్సినది. కాలు లావుగా, ఎడంగా ఉండాలి. ఒకే పొదుగులో లేచిన వాటిలో ముందు ఎదిగినదేదో ఆమెకు గుర్తుండేది, కాలికి గుడ్డపీలిక కట్టి ఉంచేది. రంగులో కూడా ఆమెకు పట్టింపు ఉంది, కానీ అది శాస్త్రకారుల పట్టింపు కాదు. తెల్లపిల్లను నిలిపేది కాదు, గద్దకు దూరం నుంచే కనపడుతుందని. మట్టిలో, ఆకుల్లో కలిసిపోయే చుక్కల పెట్ట కావాలి. పందెగాడు రంగును గ్రహాలతో కలిపి చూస్తే, మా అమ్మ గద్ద కంటితో చూసింది. వీటిలో ఏది శాస్త్రమో పాఠకులే చెప్పాలి.

పెట్టలో మొట్టమొదట చూసే గుణం కండ కాదు, కూర్చోవడం. 21 రోజులు కదలకుండా కూర్చుని, గుడ్డు పగలగొట్టకుండా, పిల్లలు లేచాక కుక్క మీదికి కూడా ఎగబడే పెట్ట కూతురినే పెట్టగా నిలిపేది. ఎంత బాగా గుడ్లు పెట్టినా మధ్యలో లేచిపోయే పెట్టను మరుసటి ఆదివారం కోసేసేది. తొలికాన్పు గుడ్లు చిన్నవని పొదగేసేది కాదు. పొదగేసిన గుడ్ల మీద బొగ్గుతో గీత గీసేది, తర్వాత పెట్టినవి కలిసిపోకుండా. పుంజును రెండేళ్లకు మించి ఉంచేది కాదు. దాని కూతుళ్లు పెట్టలయ్యేసరికి అది పుట్టింటి ఊరికి వెళ్లాలి, అక్కడి నుంచి మరొకటి రావాలి. తండ్రినీ కూతుళ్లనూ ఒక మందలో ఉంచితే పిల్ల చిక్కిపోతుందని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. ఆమె తల్లే చెప్పి ఉండాలి.

అన్నిటికంటే కష్టమైన నియమం ఇంకొకటి. అన్నిటికంటే పెద్ద పిల్లను కోయకూడదు. ఇది మాటల్లో తేలిక. సంక్రాంతికి అల్లుడు వస్తాడు, ఎదురుగా గూట్లో బలిసిన పుంజుపిల్ల ఉంటుంది. దాన్ని వదిలి రెండో దాన్ని కోయాలంటే గుండె నిబ్బరం ఉండాలి. బజారులో కూడా మంచిదానికే ధర. బాకీ తీర్చాల్సినప్పుడు ఇంట్లోంచి ముందు కదిలేది అదే. "పెద్దదాన్ని తిని చిన్నదాన్ని నిలిపితే మనవరాళ్ల నాటికి పిట్టలు మిగుల్తయిరా" అనేది. పేదరికం ఒక జాతిని ఎట్లా పాడుచేస్తుందో ఇంతకంటే స్పష్టంగా ఏ అర్థశాస్త్రమూ నాకు చెప్పలేదు. నాటుకోడి చిన్నదిగా ఉంటుంది, ఎదగదు అని అధికారులు రాసే నివేదికల్లో ఈ సంగతి ఉండదు. తరతరాలుగా మంచిది అమ్ముడుపోయి చెడ్డది ఇంట్లో మిగలడం కోడి స్వభావం కాదు, ఇంటి అప్పు స్వభావం.

ఈ ఎంపిక ఎంత పాతదో ఇటీవలి పరిశోధనలు కొంత చెప్పాయి. 2020లో వెలువడిన జన్యు అధ్యయనం ఇంటికోడికి మూలం నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ ప్రాంతాల ఎర్ర అడవికోడి అని తేల్చింది. 2022లో వచ్చిన పురావస్తు పరిశీలన, సందేహం లేని తొలి కోడి ఎముకలు మధ్య థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్‌లో దొరికాయని, వాటి కాలం క్రీ.పూ. 1650 - 1250 మధ్య అని చెప్పింది. వరి, చిరుధాన్యాలు పండించే ఊళ్ల చుట్టూ రాలిన గింజల కోసం అడవికోడి వచ్చి చేరిందని వాళ్ల వాదం. దంచే చోట, చెరిగే చోట, నూకలు విదిల్చే చోట చేరింది! ఆ పనులు ఎవరివో వేరే చెప్పాలా?

ఇందులో మన నేలకు ఒక భాగముంది. కోళ్లన్నీ ఎర్ర అడవికోడి సంతతేనని డార్విన్ 1868లో రాశాడు. అది చాలావరకు నిజమే అయినా, పసుపు చర్మాన్నిచ్చే జన్యువు మాత్రం బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది. ఆ కోడి దక్షిణ, పశ్చిమ భారతానిది, మన నల్లమలలో ఇప్పటికీ కూస్తుంది. డార్విన్‌కు భారతదేశం నుంచి పావురాల తోళ్లు పంపినవాడు వాల్టర్ ఇలియట్ అని 1859 నాటి గ్రంథంలోనే ఉంది. ఆ ఇలియటే 1845లో అమరావతి స్తూపం తవ్వించిన దొర. గుంటూరు సీమ శిల్పాలు లండన్ చేరాయని మనం బాధపడుతూనే ఉన్నాం. ఈ దేశపు కోడి ఎక్కడెక్కడికి చేరిందో మాత్రం ఎన్నడూ అడగలేదు.

అసీల్ అంటే అరబ్బీలో అసలైనది, కల్తీ లేనిది అని అర్థం. మన పందెం కోడి ఆ జాతిదే. 19వ శతాబ్ది తొలి భాగంలో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో దీన్ని అక్కడి పందెం కోళ్లతో కలిపారు. బెంగాల్ సైన్యంలో పనిచేసిన జనరల్ వాల్టర్ గిల్బర్ట్ పేరు దీనికి చెబుతారు. పుట్టిన కోడికి ఇండియన్ గేమ్ అని పేరు పెట్టారు. అది బరిలో పనికిరాలేదు, కానీ దాని రొమ్ము మీద వాళ్లెన్నడూ చూడనంత కండ ఉంది. అమెరికాకు చేరాక 1905 ప్రాంతంలో పేరులోని ఇండియా రాలిపోయి కార్నిష్ మాత్రం మిగిలింది.

1948లో అమెరికాలో రేపటి కోడి అనే పోటీ జరిగింది. దాని వెనక ఉన్నది ఒక పెద్ద దుకాణాల కంపెనీ - ఏ అండ్ పీ. పెంపకందారులు గుడ్లు పంపాలి. వాటిని ఒకేచోట పొదిగించి, ఒకే మేతతో పెంచి, 12 వారాలకు కోసి తూస్తారు. కోడి ఎట్లా ఉండాలో మైనంతో ముందే బొమ్మ చేసి పెట్టారు! గెలిచింది కాలిఫోర్నియాకు చెందిన చార్లెస్ వాంట్రెస్. ఎర్ర కార్నిష్ పుంజు, న్యూ హాంప్‌షైర్ పెట్టల సంకరం అతనిది. 1951లో మళ్లీ అతనే గెలిచాడు. ఈనాటి బాయిలర్ కోడి పుంజు వంశానికి పునాది ఈ కార్నిషే. అంటే, ఫారం కోడి పరదేశిది, నాటుకోడి మనది అని మనం గీసే గీత అంత సూటిగా లేదు. బజారులో తెల్లగా చర్మం ఒలిచి వేలాడదీసిన దాని రొమ్ములో మన అసీల్ ముత్తవ్వ కండ ఉంది.

కండ గురించి నాకు పేచీ లేదు. నాటుపిల్ల కిలోన్నర తూగడానికి ఐదారు నెలలు పడితే బాయిలర్ ఆరు వారాల్లోపే రెండు కిలోలు దాటుతుంది. కూలికి పోయే ఇంట్లో ఆదివారం పూట కోడికూర సాధారణమైందంటే దానివల్లే. ఇది చిన్న మార్పు కాదు. పల్లె అందాల మీద మోజుతో దీన్ని కాదనే రచయితలతో నేను కలవలేను. పేచీ మరోచోట ఉంది. ఆ కోడి పిల్లను నిలిపి మీరు మళ్లీ మంద తయారుచేయలేరు. దానికి పైన తల్లిదండ్రుల తరం, అవ్వతాతల తరం, ఇంకా పైన మూలవంశాలు ఉంటాయి. కండకోసం ఎంచిన పుంజుల వంశం వేరు, గుడ్లకోసం ఎంచిన పెట్టల వంశం వేరు. కంపెనీ కిందివాళ్లకు అమ్మేటప్పుడు పుంజుల వంశం నుంచి పుంజులను, పెట్టల వంశం నుంచి పెట్టలను మాత్రమే ఇస్తుంది. రెండు వంశాల్లో ఏ ఒక్కటీ కొన్నవాడి చేతిలో పూర్తిగా ఉండదు. అతను ప్రతిసారీ మళ్లీ కొనాల్సిందే. దీనికి తాళం, కాపలా అక్కర్లేదు. కోడి ఒంట్లోనే తాళం ఉంది.

మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ అనే పెరటికోళ్లను తయారుచేసింది. రంగు ఈకలు, గట్టి ఒళ్లు, ఏడాదికి వంద పైచిలుకు గుడ్లు - పెరటికి నప్పే కోళ్లే. ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ అవీ సంకరాలే, పొదుగు మీద కూర్చోవు. అవి ఉన్నంతకాలం గుడ్డుకూ కూరకూ లోటుండదు, అవి అయిపోయిన రోజున మళ్లీ పిల్లల కోసం ఎవరినో అడగాలి. పెరటికోడి అన్నంత మాత్రాన అది పెరటిది కాదు.

ఇది నేను పుస్తకం చూసి చెప్పే మాట కాదు. తప్పు నాదే. 2009లో, అమ్మకు చూపు మందగించిన రోజుల్లో, ఒక సంతలో ఎదిగే జాతి అని చెబితే ముప్పై పిల్లలను కొనుక్కొచ్చాను. బ్రహ్మాండంగా ఎదిగాయి. వాటి పక్కన మా పాత పెట్టలు పిచ్చుకల్లా కనపడ్డాయి. ఒక్కొక్కటే కోసుకు తిన్నాం. "వీటికి కూసునే బుద్ధి లేదురా, పాతదాన్ని ఒక్కదాన్నన్నా ఉంచు" అని అమ్మ మొత్తుకుంది. తెలుగు ఎమ్మే చదివిన కొడుకు చదువురాని తల్లి మాట వింటాడా! రెండేళ్లు తిరిగేసరికి గుడ్లున్నాయి, కూర్చునే పెట్ట లేదు. పొరుగింటి పెట్ట కింద పెట్టి లేపిన పిల్లలు వాటి తల్లుల్లా లేవు, ఒక్కోటి ఒక్కో తీరు. ఆ ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చి వారం రోజుల్లో గూడు ఖాళీ అయింది.

అప్పుడు పక్క ఊళ్లో పందెం పుంజులు మేపే ఆయన దగ్గరికి వెళ్లాను. జాతి ఉన్నది అక్కడే కదా అని. నాలుగు పుంజులు చూపించాడు, ధర చెప్పాడు. నాకు పుంజు వద్దు, ఒక పెట్ట ఇవ్వండి అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. "ఏ పుంజునన్నా పట్టకపోండి మాస్టారూ. పెట్టను మటుకు అడగొద్దు. మా నాయన కాలం నుంచి పెట్ట గడప దాటలా" అన్నాడు. తిరుగుదారిలో సైకిల్ తొక్కుతూ నవ్వుకున్నాను. శాస్త్రం పెట్టను రాయలేదంటే తెలియక కాదన్నమాట! తెలిసినవాళ్లందరికీ తెలుసు. జాతి పెట్టలో ఉంది గనకే అది గడప దాటదు. కంపెనీ మూలవంశాలను దాచుకునేదీ, ఈయన పెట్టను దాచుకునేదీ ఒకే కారణానికి. రాయకపోవడం కూడా దాచుకోవడంలో ఒక పద్ధతే.

దాచుకోనివాళ్లు వేరే ఉన్నారు. తూర్పుగోదావరి ఏజెన్సీలో అసీల్‌ను నిలుపుతున్న ఆదివాసీ స్త్రీల మధ్య వాటా అనే ఆచారం ఉందని, వాళ్లతో కలిసి పనిచేసిన అంత్ర అనే పశువైద్యుల సంస్థ నమోదుచేసింది. పెట్ట లేని ఇంటికి ఉన్న ఇల్లు పెట్టను ఇస్తుంది, పుట్టిన పిల్లలను పంచుకుంటారు. అది చదివినప్పుడు నాకు మా వీధే గుర్తుకొచ్చింది. మా దగ్గరా ఇదే మాట, ఇదే పద్ధతి. డబ్బు ప్రసక్తి లేదు. ఒక ఇంట్లో తెగులొచ్చి గూడు ఊడ్చుకుపోయినా అదే పెట్ట సంతతి మరో రెండిళ్లలో బతికి ఉంటుంది. ఏ చట్టమూ లేకుండా, ఏ రిజిస్టరూ లేకుండా, ఆడవాళ్లు తమలో తాము నడుపుకున్న విత్తనపు కొట్టు అది.

మా వీధి చివర నేను పెద్దమ్మా అని పిలిచే ముసలామెకు అమ్మ ఎప్పుడో, నేను కాలేజీలో ఉండగా, ఒక చుక్కల పెట్టను వాటాకు ఇచ్చిందట. నాకు తెలియదు. పందెం ఆయన దగ్గర్నుంచి వట్టిచేతులతో వచ్చానని విని ఆమే కబురంపింది. వెళ్లేసరికి గంప ఎత్తి చూపించింది. కింద చుక్కల పెట్టపిల్ల, మా గూట్లో తిరిగినట్టే ఉంది, లావుపాటి పచ్చని కాళ్లు. "మీ అమ్మదేలే. దాని మనవరాలి బిడ్డ. తీసకపో అబ్బాయా, ఎప్పటిలాగే వాటా" అంది. మొదటి పొదుగులో పెట్టపిల్లలు సగం ఆమెకు పోవాలి. పది లేచాయి, ఏడు నిలిచాయి. అందులో పెట్టలు నాలుగు. అమ్మ చీకట్లో ఒక్కోదాని రొమ్ము తడిమి చూసి, మంచివి రెండూ పెద్దమ్మకు పంపమంది. నేను ఒక మంచిదాన్నీ ఒక నాసిదాన్నీ పంపాను. ఆ సంగతి అమ్మ పోయేదాకా ఆమెకు చెప్పలేదు. పెద్దమ్మ మాత్రం చేతిలోకి తీసుకోగానే కనిపెట్టి, ఏమీ అనకుండా గంప కింద పెట్టింది.